ముఖ్య అతిథి కోసం ఆగిన నక్షత్రం

2022. తెనాలిలో ఒక కాలేజీ, ఫిజిక్స్ విభాగం. నేను బాపట్ల నుంచి రైల్లో వచ్చి పాఠాలు చెప్పేదాన్ని. రేపల్లెలో స్కూలు టీచరుగా చేస్తున్న ఎస్తేరు మా హెడ్డు గారి దగ్గర పీహెచ్‌డీ చేసేది. లెక్కల్లో సాయానికి నా దగ్గరికొచ్చేది.

ఆమె పని మాసివ్ స్టార్స్ మీద, అంటే బరువులో సూర్యుడికి ఎనిమిది రెట్లు పైబడిన నక్షత్రాల మీద. సూర్యుడి పైపొరల్లో వాయువు కుతకుత ఉడుకుతూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. వీటి పైపొరల్లో ఆ ఉడుకు లేదు. అయినా పదింటిలో ఏ ఒక్కదానికో గట్టి క్షేత్రం ఉంటుంది. ఎందుకో ఇంకా తేలలేదు కాబట్టి కొత్తది ఒక్కటి దొరికినా విలువే. అబ్జర్వేటరీలు అందరికీ వదిలేసిన పాత డేటాలో, ఒక నక్షత్రం పోలరైజేషన్‌లో, అంటే కాంతి తరంగాలు ఊగే తీరులో, ఎస్తేరుకి ఆ జాడ దొరికింది. ఇద్దరం మళ్ళీ మళ్ళీ సరిచూశాం. నిలిచింది.

"ఇవాళే జర్నల్‌కి పంపేద్దామండి. డేటా అందరికీ ఉంది, ఎవరైనా చూసేస్తారు," అంది.

హెడ్డు గారు మురిసిపోయారు. "ఏంటమ్మా తొందర? వార్షికోత్సవంలో ముఖ్య అతిథి చేత ప్రకటింపజేసి, అప్పుడు పంపుదాం. నక్షత్రం ఎక్కడికీ పారిపోదులే!"

మనకిదొక జబ్బు. గది కట్టినా, బోరు వేసినా, పెద్దమనిషి రిబ్బను కత్తిరించేదాకా అది ఉన్నట్టు కాదు. ఆ పెద్దమనిషికి తీరిక లేక సభ వాయిదా పడింది, మళ్ళీ పడింది. నేను వెళ్ళి హెడ్డు గారితో గొడవపడితే, "కాలేజీ పరువు మీకేం తెలుసమ్మా," అన్నారు. గైడ్ ఆయనే, ఆయన ఒప్పుకోకుండా ఆ పిల్ల పంపలేదు.

ఒక ఉదయం ఎస్తేరు స్టాఫ్‌రూములో ఫోన్ నా ముందు పెట్టింది. ఎవరో విదేశీ బృందం. అదే నక్షత్రం, అదే డేటా, అదే ఫలితం, అచ్చయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం ఏడవలేదు.

సభ ఆగలేదు. ఫ్లెక్సీ కొట్టించేశారు మరి! శాలువా కప్పగానే ఎస్తేరు మైకు అందుకుంది. "నాకన్నా ముందు వేరేవాళ్ళు ప్రకటించేశారండి. ఈ శాలువా నాది కాదు."

"ఎంత అణకువో చూడండి!" అన్నాడు ముఖ్య అతిథి. హాలంతా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు నేనూ గైడ్‌నే. ఫలితం నిలిచిందంటే ఆ సాయంత్రమే జర్నల్‌కి పంపిస్తాను. కాలేజీకి అచ్చయ్యాకే తెలుస్తుంది. నేను నేర్చుకున్నది అదొక్కటే, అదీ ఆ పిల్ల చదువు ఖర్చు పెట్టి. మొన్న తెనాలి స్టేషన్లో కనిపిస్తే, మానేసిన పీహెచ్‌డీ మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

"ఇంకెందుకండి మేడమ్," అంది, రేపల్లె రైలెక్కుతూ. "చప్పట్లు కొట్టేశారుగా."