ఖాళీ పల్లకీ బొంత

సిరీ, ముందు ఒక తప్పు దిద్దాలి.

నిన్న నీ పోస్టులో బొంత ఫొటో పెట్టి, కింద "మా పెద్ద మామ్మ పూర్తి చేయలేకపోయిన ఆర్ట్ క్విల్ట్" అని రాశావు. దానికి అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు.

పూర్తి చేయలేక కాదు. కావాలనే ఆపింది. ఎందుకో చెబుతాను.

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా రాజాం నుంచి ఫోన్. పైడమ్మ కోడలు.

"అత్తమ్మ నేదు చిన్నత్తా" అంది.

"ఎక్కడికెళ్ళింది?" అని అడిగాను.

బి.ఏ. చదివినదాన్ని. ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. అయినా అదే అడిగాను. అవతల ఏడుపు అందుకుంది. అప్పుడు అర్థమైంది.

కాఫీ చల్లారాక తాగాను. ఆవిడుంటే పారబొయ్యనిచ్చేది కాదు.

మీ నాన్న కారులో తల్లీకొడుకులం గరివిడి నుంచి రాజాం బయలుదేరాం.

నీ పోస్టు కింద ఇది చదివే తెలియనివాళ్ళ కోసం: పైడమ్మ నా తోటికోడలు, సిరి రాసిన పెద్ద మామ్మ. ఇంటికి పెద్దకోడలు. నాకంటే మూడేళ్ళే పెద్ద, పెత్తనం మాత్రం ముప్ఫై ఏళ్ళ పెద్దరికం.

ఇది పంతొమ్మిది వందల అరవైల నాటి సంగతి.

నాకు మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోసారి నెల తప్పాక మాట్లాడడమే మానేశాను. నేను మాట్లాడడం మానేశానంటే ఎంత భయమో నన్నెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మా వైపు పుట్టిన బిడ్డకి ముందు కొత్త బట్ట వెయ్యరు. నిండుగా బతికిన పెద్దవాళ్ళ పాత చీరలూ పంచెలూ అడిగి తెచ్చి, బొంత కుట్టి, అందులో పడుకోబెడతారు. వాళ్ళ ఆయుష్షు బిడ్డకి వస్తుందని.

పైడమ్మ గుడ్డలడగడానికి బయలుదేరింది. మంచివాళ్ళ ఇళ్ళన్నీ వదిలేసి, వీధిలో నోరున్న ముసలమ్మల ఇళ్ళకే వెళ్ళింది.

ఇదేమి వరసక్కా అంటే, "మెత్తనోల్లని యముడు ముందే అట్టుకుపోతాడే. గయ్యాళోల్ల గుమ్మం తొక్కాలంటే ఆడికీ బయమే. మనకి ఆల్ల గుడ్డలే కావాల" అంది.

తెచ్చిన గుడ్డల్ని చదరాలుగా కోసి అతికిస్తే పని అయిపోను. ఆవిడ జంతువుల పెళ్ళి ఊరేగింపు కుట్టింది.

సన్నాయి ఊదే గాడిద మా మామగారి పంచె. డోలు కొట్టే ఎలుగుబంటి మా పెద్దత్త నల్లచీర. గొడుగు పట్టిన కోతి ఎదురింటి సత్తెమ్మ ఆకుపచ్చ గళ్ళ చీర. అందరి మధ్యలో పల్లకీ.

బొంత గోడ మీద ఎండలో వేసిందో లేదో, సత్తెమ్మ వచ్చింది.

"నా సీర కోతికి కట్టావేటే?"

"కోతయితే సెట్టెక్కేత్తాది పిన్నీ, యముడి తాడు అందదు. వొద్దంటే సెప్పు, గాడిదని సేత్తాను. మా మావ పక్కన నడుద్దువుగాని."

సత్తెమ్మ గాడిద వైపు ఓసారి చూసి, "కోతే ఉండనీ" అంది.

అది సద్దుమణగకముందే అప్పలమ్మ చీరల మూటతో దిగింది. వీధికంతటికీ పెద్దది, అందరికంటే మెత్తనిది. ఆవిడకి గొంతుందని ఆ రోజే తెలిసింది.

"అందర్నీ అడిగి నన్నడగనేదేటి? నాను రేపో మాపో పోతానని సూత్తన్నావేటి? నాకేటి తక్కువే? మీ అందర్నీ సాగనంపితే గానీ కదల్ను నాను."

పైడమ్మ మొత్తం విని, మూట అందుకుని, "ఇప్పుడు పనికొత్తాది" అని కత్తెర తీసింది.

నేను నవ్వాను. గుమ్మానికి ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా.

ఇద్దరు బిడ్డలు పోయాక అదే మొదటి నవ్వు.

తరువాత అడిగాను. పసిగుడ్డుకి గాడిదలూ కోతులూ ఏం తెలుస్తాయి, ఇంత కష్టం దేనికని.

"బిడ్డకి గుడ్డ సాలు. బొమ్మలు నీకు" అంది, సూది మీంచి తల ఎత్తకుండా.

ఆ బిడ్డే మీ నాన్న. పుట్టగానే, బిడ్డలు దక్కని ఇళ్ళలో చేసినట్టే, చేటలో వేసి, తవుడిచ్చి పైడమ్మే కొనుక్కుంది. తవిటినాయుడని పేరు పెట్టింది. రిటైరయ్యేదాకా ఆఫీసులో టి. నాయుడు అనే రాసుకున్నాడు పెద్దమనిషి. నిన్న శ్మశానంలో ఎవరో నువ్వెవరబ్బాయివని అడిగితే, "తవిటినాయుడిని. ఈమె కొనుక్కున్నోడిని" అన్నాడట.

ఇక పల్లకీ సంగతి. అందులో పెళ్ళికూతురేదని అప్పుడే అడిగాను.

"అది నా సోటు. పడుసుదాని గుడ్డ దీనికి పనికిరాదు. ముసిల్దాన్నయినాక నానే కూకుంటాను" అంది.

అరవై నిండాక గుర్తు చేశాను. "ఇంకా అవనేదు" అంది.

మోకాళ్ళు పోయాయి. కళ్ళకి ఆపరేషన్లయ్యాయి. పోయిన వేసవిలో ఊతకర్రతో గుమ్మం దాటుతున్నప్పుడూ అడిగాను. "ఇంకా అవనేదే, నన్ను తొందరపెట్టకు" అంది.

నిన్న ఒప్పుకుంది.

వేళాకోళమే తప్ప ఎవరినీ నొప్పించే మాట అనని మనిషి. తన సిద్ధాంతం ప్రకారం ఎప్పుడో వెళ్ళిపోవాలి. ఎనభై దాటింది. నోరున్న నేను తోడుండడం వల్లనే అని నా అభిప్రాయం.

అక్కా, పల్లకీ ఎక్కు. ఇన్నాళ్ళూ నీకోసమే ఆగింది. ఎక్కడా చిరుగు లేని నిద్ర పట్టాలి నీకు.

సిరీ, నీకు ఏడో నెల, చావింటికి రావద్దు. నీ విశాఖ ఫ్లాట్‌లో గోడకి వేలాడదీసిన ఆ బొంత దింపి, మీ ఆయనతో పంపు. ఉతకకు. వాషింగ్ మెషిన్ దరిదాపులకి పోనివ్వకు. పాత దుప్పటిలో చుట్టి ఇవ్వు.

ఆవిడ బూడిదరంగు చారల చీర చాకలికి వెయ్యనివ్వకుండా తీసి ఉంచాను. పల్లకీలోకి మంచి ఉడత పెళ్ళికూతురవుతుంది. పోయినవాళ్ళ గుడ్డ పసిబిడ్డకేమిటని మీ అత్తగారు అంటే నాతో మాట్లాడమను.

దారిలో విజయనగరంలో ఆగి తెల్ల నూలుదారం రీలు, ఒక సూది తెమ్మను. సూది బెజ్జం కాస్త పెద్దది చూడమను. ఈసారి దారం ఎక్కించేది నేను.