తొమ్మిదో సమాచారదాత

మా హాస్టల్ వీధిలోని దర్జీకి చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి, ముసుగు వీరుడి బొమ్మల కథలు. కాజాలు కుడుతూనే ఏ సంచికలో ఏ దుర్మార్గుడు ఎలా చచ్చాడో చెప్పేవాడు. వీధిలో ‘ముసుగు మాస్టారు’ అనేవారు. అభిమానుల సభలకు వీరుడి దుస్తులు కుట్టుకుని తనే వేసుకెళ్ళేవాడు. పొట్ట దగ్గర మాత్రం ఏటా కాస్త విప్పి కుట్టాల్సి వచ్చేది.

నా గదిలో ఉండే అమ్మాయి ఆ కథల మీద, వాటి అభిమానుల మీద పరిశోధన చేసింది. మూడేళ్ళు ‘బాబాయ్, బాబాయ్’ అంటూ అతని కొట్లో కూర్చుని చెప్పిందల్లా రాసుకుంది. అతని సంచికలు సంచుల్లో మా గదికి మోసుకొచ్చింది.

డాక్టరేట్ పట్టా కోసం ఆమెకు జరిగే మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వీరుడు ఏనాడూ ఎవరి ముందూ ముసుగు తీయలేదనీ, తన వాదమంతా దాని మీదే నిలబడిందనీ ఆమె చెప్పింది. సభలో ఎవరికైనా సందేహాలున్నాయా అని పరీక్షకుడు అడగ్గానే అతను లేచాడు.

“తీశాడమ్మా. వాళ్ళమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఒక్కసారి. వానాకాలం ప్రత్యేక సంచికలో. మర్చిపోయావా?”

“ఏదీ, ఆ సంచిక చూపించండి,” అన్నాడు పరీక్షకుడు.

“అమ్మాయి దగ్గరే ఉందండీ. కిందటేడు తీసుకెళ్ళింది.”

అది మా గదిలో ఆమె మంచం కింద ఉంది. ఆ పేజీ నేనూ చూశాను. ఆమె మాత్రం తడుముకోలేదు.

“సార్, నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం చూడండి. తొమ్మిదో సమాచారదాత ఈయనే. అచ్చు కాని కథలు ఊహించుకుని, చదివానని నమ్మే రకం.”

పరీక్షకుడు పేజీ తిప్పి పైకి చదివాడు: “‘యాభై ఆరేళ్ళు. పిల్లలు లేరు. వీరుడు రోజూ తనను పలకరిస్తాడంటాడు.’”

హాలు గొల్లుమంది.

“అది సరదాకి అన్నాను కదమ్మా,” అన్నాడతను.

“కూర్చోండి పెద్దాయనా,” అన్నారు ఆమె గురువుగారు. “మీ వీరుడొచ్చి సాక్ష్యం చెబితే అప్పుడు చూద్దాం.”

మళ్ళీ నవ్వులు. పట్టాకు సిఫారసు చేశారు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. ఇక్కడ నడి ఏట్లోనే తగలేసినా ఆమె మునగలేదు. చప్పట్లు కొట్టాం.

మెట్ల దగ్గర అతను నన్ను ఆపాడు.

“నువ్వు ఆ గదిలోనే ఉంటావు కదా తల్లీ. ఆ పేజీ ఉంది కదూ? నాకే మతి పోతోందా?”

వచ్చే ఏడాది నాకూ ఆ గురువుగారి దగ్గరే సీటు కావాలి.

“నేనెప్పుడూ చూళ్ళేదండీ,” అన్నాను.

అతను చాలాసేపు తలూపాడు. “అయితే పొరపాటు నాదే. నలుగురిలో అమ్మాయి పరువు తీయబోయాను. ఏమనుకోవద్దని చెప్పు.”