పట్టికలో గండి

తడిసిన జనపతాడు వాసన తగిలితే నాకు ఇప్పటికీ తీసివేతలు తప్పుతాయి. మొన్న కొత్త చేంతాడు తడపగానే మల్లయ్య తాత గుర్తొచ్చాడు. ఇబ్రహీంపట్నం చెరువుకు నీరటి ఆయన. తూము తెరవడం, మూయడం ఆయన పని. నేను అప్పుడు నీటిమట్టం రాసే కొత్త గుమాస్తాను. ఆయనకు చదువు రాదు. నాకు వచ్చు, కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

పట్టికలో మూడు గళ్లు: తారీఖు, మట్టం, తగ్గినది. మూడో గడి దగ్గర నా బుర్ర ఆగిపోయేది. ఇవాళ్టి గడి నింపడానికి ఇవాళ్టి వరుస చాలదట, పై వరుస చూడాలట. ఏ పై వరుస? పైన చాలా ఉన్నాయి. మర్యాదగా ఉంటుందని అన్నిటికన్నా పైదాన్ని పట్టుకున్నాను. చెరువు రోజుకు ఒక్క వేలి మందమే తగ్గుతుంటే నేను ఒకటి, రెండు, మూడు అని రాస్తూ తొమ్మిదికి చేరాను.

చివరి గడి తప్ప చదవని మా పై అధికారి అమీన్ సాబ్, కట్టకు గండి పడిందని తూము మూయించాడు. మూసినా నా పట్టికలో రోజూ తొమ్మిదే. ఊరంతా గంపలతో మట్టి మోసింది. లేని గండిని పూడ్చడం కష్టం, ఎక్కడ ఆపాలో తెలియదు. నాలుగో రోజు, చెరువు కింద పొలమున్న నర్సమ్మక్క కట్ట ఎక్కింది. "తాతా, నా వరి పొట్ట మీదున్నది. రేపటికి నీళ్లియ్యకుంటె పసులకు ఏసుడే."

మల్లయ్య తాత నన్ను తూము దగ్గరికి పిలిచాడు. రాతికి వేలాడదీసిన తాడుకు, రోజూ నీళ్లు తాకినచోట ఆయన ఒక ముడి వేసేవాడు. ఆ ముళ్లు చూసే నేను పట్టిక రాసేవాణ్ణి.

"ఏ ముడి కాడికెళ్లి కొలుస్తున్నవ్ బిడ్డా?"

"మొదటిదాని కాడికెళ్లి. పెద్దది కద తాతా."

ఆయన నవ్వలేదు. "ఏ ముడికైనా దాని ముందటి ముడే లెక్క. తూము మూసినకాడికెళ్లి సూడు, ముడి మీదనే ముడి వడ్డది. నీళ్లు యాడికి పోలే."

నాకు సగమే అర్థమైంది. "మరి మొదటి రోజుకు ముందటిదేది? నేను సున్నా ఏసిన."

"అంతకు ముందటి దినం నీళ్లు నువ్ సూసినవా?"

"లేదు. ఆ రోజే నౌకరికొచ్చిన."

"మరి తెల్వదని ఇడిచిపెట్టు."

తాడు భుజాన వేసుకుని నాతోపాటు అమీన్ సాబ్ కచేరీకి నడిచాడు. "సాబ్, గండి కట్టకు పడలే, నా లెక్కకు పడ్డది," అన్నాను. అమీన్ సాబ్ తాడునూ నన్నూ మార్చి మార్చి చూశాడు, తాడునే నమ్మాడు. పొద్దుగూకేలోపు తూము తెరిచారు. నర్సమ్మక్క వరి బతికింది. నా నౌకరి కూడా, కొంచెం వాడిపోయి.

ఇప్పుడు తాత లేడు, తాడు నా దగ్గరుంది. ఆయన ఎక్కడివాడు, ఎట్లా నీరటి అయ్యాడు అని అడుగుతారు. నేను మల్లయ్య తాతను చూసింది, నౌకరిలో చేరిన రోజు నుంచే. అంతకు ముందటి గడి ఖాళీగానే ఉంచాను.