ఆర్నే ఎనిమిది చుట్ల సైలెన్సర్

మా కుహ్మో ఊరి వేట గుంపులో ఆర్నే కిన్నునెన్ చెయ్యి పడని తుపాకీ లేదు. అందరి తుపాకీ గొట్టాలకూ మూతి దగ్గర, మోత తగ్గించే సైలెన్సర్ తిప్పి ఎక్కించే మర చుట్లు కోసింది ఆయనే. ఆయన షెడ్డు తలుపు తీస్తే లేత్ మిషన్ నూనె, మరిగి మరిగి నల్లబడిన కాఫీ, తడిసిన కుక్క, మూడూ కలిసిన వాసన గుప్పుమనేది. నాకు డెబ్బై నాలుగు దాటాయి. ఏ షెడ్డు ముందు నుంచి నడిచినా నా ముక్కు ఇంకా ఆ వాసన కోసమే వెతుక్కుంటుంది.

ఆర్నేకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆయన వయసులో ఉన్నప్పుడు సైలెన్సర్లు ఎక్కడివి, చెవుల్లో ఇంత దూది కుక్కుకుని కాల్చేవారు. కుడి చెవి సగం మిగిలింది. సైలెన్సర్ లేకుండా ఇంకొక్కసారి పేలిస్తే అదీ పోతుందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మా మాటలు వినబడవన్న చింత ఆయనకు లేదు.

"నలభై ఏళ్లుగా చెప్పిందే చెప్తున్నారు. కొత్తగా వినేదేముంది?" అనేవాడు.

కానీ హల్లా మొరుగు మాత్రం వినబడాలి. హల్లా ఆయన కుక్క. అడవిలో అది మూస్ దుప్పిని నిలబెట్టి మొరుగుతుంటే, ఆ మొరుగు పట్టుకుని వెళ్లడమే మా వేట. చెవి మూతలు పెట్టుకోవయ్యా అంటే వినేవాడు కాదు. పెట్టుకుంటే మొరుగు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియదట.

ఆ వేసవిలో మా గుంపులో చిన్నవాడు తువోమో కొత్త రకం సైలెన్సర్ తెచ్చాడు. మర లేదు, చుట్లు లేవు. గొట్టానికి తొడిగి కొంచెం తిప్పితే టక్కున తాళం పడుతుంది.

"నువ్వు బిగించేలోపు నేను దుప్పిని కొట్టి, వండి, తినేస్తా తాతా," అన్నాడు.

"తినడం తర్వాత. ముందు కొట్టు, చూస్తాను."

సరే తేల్చుకోండి అని అందరం గురి చూసి కాల్చే రేంజికి పోయాం. ఐదు గుండ్లకొకసారి విప్పడం, మళ్లీ బిగించడం, కాల్చడం. ఆర్నేది బిగించడానికి ఎనిమిది చుట్లు తిప్పాలి, కానీ ప్రతిసారీ గుండు పాత చోటికే పోయింది. తువోమోది రెప్పపాటు పని, కానీ బిగించినప్పుడల్లా గుండు బొటనవేలి వెడల్పు పక్కకు జరిగింది. సాయంత్రానికి మసి పట్టి దాని తాళం బిగుసుకుపోతే ఊడదీయడానికి ఇద్దరు కావలసి వచ్చారు. మరకూ ఓ లోపముంది. కాల్చేకొద్దీ వదులవుతుంది, మధ్య మధ్య చేత్తో పట్టి చూసుకోవాలి. ఆర్నే చూసుకునేవాడు. ఆ రోజు ఆయన తీరిగ్గా సాసేజి నములుతూ కూర్చున్నాడు. తువోమోకి అదే ఎక్కువ మండింది.

వేట నాయకుడు చేతి రేడియోలో 'ఈ విడత వేట అయిపోయింది' అనగానే తుపాకీ ఖాళీ చేసి, సైలెన్సర్ విప్పి, ఉన్ని మేజోడులో పెట్టి కోటు లోపల దోపుకోవడం ఆయన అలవాటు. అందులో చెమ్మ నిలిస్తే గొట్టం మూతి తుప్పు పడుతుంది. వేట గుడిసెకు చేరాక పొయ్యి అరుగు మీద మా అందరి సైలెన్సర్లూ తడి మేజోళ్ల పక్కన వరసగా ఆరుతుండేవి. ఎంత బాగుండేదో ఆ అరుగు.

అక్టోబరులో ఒకరోజు సగం వాన, సగం మంచు పడుతున్నాయి. వేటకు నాయకుణ్ణి నేను. వేళ్లు కొంకర్లు పోయాయి, ప్రాణమంతా కాఫీ మీదే ఉంది. కుక్కను గొలుసుకు కట్టాకే విడత అయిపోయిందని చెప్పాలి, మాకది నియమం. హల్లా ఇంకా రాలేదు. ముసలిది, అదే వస్తుందిలే అనుకుని రేడియోలో చెప్పేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నేను దగ్గరికి చేరేసరికి ఆర్నే సైలెన్సర్ విప్పి దోపుకున్నాడు. అప్పుడే బురదనేల అవతల హల్లా కుయ్యోమని అరిచింది. పెద్ద మగ దుప్పి దాన్ని కూలిన చెట్టు వేళ్లలో ఇరికించి ముందుకాళ్లతో తొక్కబోతోంది. మాకు అరవై అడుగుల దూరం ఉంటుంది. నా తుపాకీ అప్పటికే సంచిలో ఉంది.

ఆర్నే తుపాకీలో గుండ్లు పెట్టాడు, మేజోడు లాగాడు, సైలెన్సర్ ఒక్క చుట్టు తిప్పాడు. దుప్పి కాళ్లెత్తింది. ఇంకా ఏడు చుట్లున్నాయి, అరకొరగా బిగించి పేలిస్తే గుండు సైలెన్సర్‌కే తగులుతుంది. దాన్ని ఊడబెరికి మంచులో పారేసి పేల్చాడు. దుప్పి మోకాళ్ల మీద కూలి మళ్లీ లేవబోయింది. మళ్లీ పేల్చాడు.

హల్లా కుంటుకుంటూ లేచి, పడిన దుప్పి ఎదుట నిలబడి గొంతు చించుకుంది.

"ఏంరా కౌకో, అది నోరు తెరుస్తోంది," అన్నాడు ఆర్నే నాతో. "మొరుగుతోందా?"

తలూపాను.

"గట్టిగానేనా?"

మళ్లీ తలూపాను. ఆయన మంచులోనే కూలబడి దాని నోటి వంక చూస్తూ ఉండిపోయాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గుడిసెలో నా తప్పంతా కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి పొయ్యిలో పడేశాడు.

"ఏడుపు మొహం పెట్టకు. కాఫీ పోసివ్వు."

మరుసటి ఏడు కూడా ఆర్నే వేటకు వచ్చాడు. హల్లా వెంట అడవిలోకి తువోమో నడిచాడు. ఆర్నే మంట దగ్గర నా పక్కన కూర్చున్నాడు. దూరాన హల్లా మొరిగితే, ఒక్కో మొరుగుకు ఒక్కోసారి ఆయన మోకాలి మీద వేలితో కొట్టేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. అవును, వినేవాడనే అంటాను.

ఆ రోజు మధ్యలో మొరుగు ఆగిపోయింది. దుప్పి తప్పించుకుందన్నమాట. నా వేలు ఆగింది. ఆయన మొహం వాడిపోయింది. చూడలేకపోయాను, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను.

"వదల్లేదు ముసలిది," అని కళ్లు మూసుకునే నవ్వాడు.

అలా ఎంతసేపు కొట్టానో తెలియదు. వెనక నుంచి తడిసిన బొచ్చు ఒళ్లొకటి మా ఇద్దరి మధ్య దూరి, ఆయన చెయ్యి నాకి, కాళ్ల దగ్గర పడుకుంది. నా వేలు ఇంకా కొడుతూనే ఉంది. ఆర్నే దాన్ని తన గుప్పిట్లో పట్టుకుని ఆపాడు.

"చాల్లేరా," అన్నాడు. "వచ్చేసింది."