పోలమ్మ ఉప్పుమడిలో ఎర్రరంగు

1961 వేసవి. మైపాడు దారిలో, ఉప్పుటేరు ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరు. అక్కడి సంఘం వాళ్ళ అద్దకం షెడ్డులో నేను కెమిస్టును. బి.ఎస్సి. చదివిన ఆడపిల్ల ఉద్యోగానికి రావడం ఆ ఊరికి కొత్త. చంకలో బిడ్డతో రావడం ఇంకా కొత్త. మా పెద్దవాడికి అప్పుడు అయిదో నెల. షెడ్డు వెనక గదిలో, నూలు బేళ్ళ పక్కన వాడికి ఉయ్యాల కట్టించారు. రంగు డబ్బా ముట్టుకుంటే చేతులు సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడుక్కుని గానీ వాణ్ణి ఎత్తుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల్నీ నిద్రపుచ్చి ఇది రాస్తుంటే, ఉడికే నూలు ఆవిరి, ఎండలో వరసలుగా ఆరే ఎర్రనూలు చిలపలు మళ్ళీ కళ్ళముందుకు వస్తున్నాయి.

మేము వాడేవి డైరెక్ట్ డైలు. వేడినీళ్ళలో ఉప్పు వేసి ఉడికిస్తే చాలు, నూలుకు పట్టే రంగులు. పట్టినంత పట్టి, మిగతాది నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళను ఉప్పుటేట్లోకి వదిలేవాళ్ళు. కాస్త దిగువన పోలమ్మ అదే ఏటినీటిని తన ఉప్పుమళ్ళకు పెట్టుకునేది. మా షెడ్డుకు ఉప్పు పోసేదీ ఆమే.

ఆ ఏడు ఎర్రనూలుకు గిరాకీ వచ్చింది. ఒకరోజు పొద్దున పోలమ్మ కొంగున ఉప్పు కట్టుకొచ్చి నా బల్ల మీద పోసింది. లేత గులాబీ రంగు.

"మీకయితే పనికొస్తాది. ఎట్టాగూ రంగులోకే గదా పొయ్యేది. ఊళ్ళో ఎవురు తింటారమ్మణ్ణీ దీన్ని?" అంది.

ఆ ఉప్పును బండికెత్తనని వర్తకుడు చెప్పేశాడట. వానలు పడేలోగా ఇంకొక కోత తెల్లగా చేతికి రాకపోతే ఆ ఏడు ఇల్లు గడవదని చెప్పి, పోసిన ఉప్పు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నేను జార్ టెస్ట్ మొదలుపెట్టాను. ఒకే రంగునీళ్ళను కొన్ని గాజు జాడీల్లో పోసి, రంగును దింపే మందు ఒక్కోదాంట్లో ఒక్కో పాళ్ళలో కలిపి, ఎందులో బాగా తేరుకుంటుందో చూడటమే ఆ పరీక్ష. పటికతో రంగు సగమే దిగింది. అన్నభేది వేసి, పైన గుల్లసున్నం కలిపినప్పుడు మాత్రం పాలు విరిగినట్టు తరకలు కట్టాయి. ఆ తరకలను ఫ్లాక్ అంటారు. అవి రంగును పట్టుకుని నెమ్మదిగా అడుక్కు దిగాయి. షెడ్డంతా పని ఆపి ఆ జాడీ చుట్టూ చేరడం నాకింకా గుర్తే.

పెరట్లో తొట్టి కట్టించి పెద్ద ఎత్తున చేశాం. ఎరుపు పోయింది గానీ, అన్నభేదిలోని ఇనుము వల్ల నీళ్ళకు కొంచెం పసుపు చాయ మిగిలింది. సున్నం పెంచి చూద్దామని మేస్త్రీ మస్తానన్నకు చెప్పి ఇంటికి వెళ్ళాను. మర్నాడు వచ్చేసరికి నీళ్ళు తళతళలాడుతున్నాయి. పోలమ్మ అప్పటికే వచ్చి, తొట్టి అంచున కనబడే నీలపు జాడను వేలితో చూపిస్తోంది.

"ఏమేసినావన్నా?" అని అడిగాను.

"నీలిమందమ్మా. పంచె పసుపెక్కితే పెట్టమా, అట్టనే రవ్వంత పెట్టినా. తెల్లంగుండాయి గదా."

"గంజి గూడా పెట్టన్నా. నా ఉప్పుని ఇస్త్రీ మడతమీద అమ్ముకుంటా," అంది పోలమ్మ.

అందరం నవ్వాం. మస్తానన్న కూడా నవ్వి తొట్టి ఖాళీ చేశాడు. మళ్ళీ రంగునీళ్ళు నింపి, సున్నం పెంచి, తేరుకోవడానికి ఎక్కువసేపు వదిలితే పసుపు కూడా అడుక్కు దిగింది. ఆ నీళ్ళను ఏటినీటితో కలిపి, పోలమ్మ ఒక చిన్న మడిలో పెట్టి చూసింది. ఉప్పు తెల్లగా విరిసింది. దొన్నెలో పోసుకుని తెచ్చింది. సంఘం ప్రెసిడెంటుగారు చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, ఇక గండం గడిచిందన్నారు.

పోలమ్మ ఉయ్యాల వైపు చూస్తోంది.

"పిల్లోడికి అన్నం ముట్టించేదెప్పుడమ్మణ్ణీ?"

"వచ్చే నెల."

"ఈ ఉప్పేస్తావా?"

కంటికి కనిపించే రంగు పోయిందని చెప్పగలను. కనిపించనిది ఏదైనా మిగిలిందేమో తేల్చే సాధనం నా దగ్గర లేదు. ప్రెసిడెంటుగారు నా జవాబు కోసం చూస్తున్నారు.

"వెయ్యను పోలమ్మక్కా," అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. పోలమ్మకు కోపం రాలేదు. "మరి ఇంకొకరి పిల్లోడికి నేనెట్టా అమ్మేది?" అంది, అంతే.

ఆ తర్వాత వాదన చాలాసేపు జరిగింది. చివరికి తేర్చిన నీళ్ళను ఏటికి వదలకుండా, ముదురు రంగుల నూలును మొదట జాడించడానికి తిరిగి వాడుకునేట్టు ఒప్పుకున్నారు. అడుగున మిగిలే బురదకు, అంటే స్లడ్జ్‌కు, సిమెంటు గుంట కట్టించారు. పని పెరిగిందని అద్దకంవాళ్ళు కొన్నాళ్ళు నా మీద సణుక్కున్నారు. పోలమ్మ మళ్ళను రెండు మూడు సముద్రపు పోట్ల నీళ్ళతో కడిగి, కొత్తగా నీళ్ళు పెట్టుకుంది. వానలకు ముందే వర్తకుడి బండి వచ్చింది.

రంగునీళ్ళు శుద్ధిచేయడం నేను పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. ఎక్కడ ఆగి "నాకు తెలియదు" అనాలో మాత్రం ఆ షెడ్డులో నేర్చుకున్నాను. ఆ తెలియనిదాని బరువు దిగువన ఉన్నవాళ్ళ మీద పడకూడదని కూడా.