రాయమల్లు చాయ్, ఆరో తనిఖీ

పద్మలత ఉద్యోగం వినడానికి సుఖంగానే ఉంటుంది. వీధి నాటకం చూడాలి. చూశాక, దానివల్ల ఎవరైనా మారారా అని ఆరు నెలలపాటు నెలకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి ఫోన్‌లో గడులు నింపాలి. ఈ నాటకాలు ఆడించే కరీంనగర్ ఆఫీసు పెట్టిన నియమం ఒక్కటే: చూడాలి గానీ చెయ్యి పెట్టకూడదు. ఎవరింటికి వెళ్లినా గిన్నెలు సర్దకుండా ఉండలేని నలభై ఆరేళ్ల మనిషికి అదెంత శిక్షో ఆఫీసువాళ్లకు తట్టలేదు.

నస్పూర్‌లో సాయిచంద్ బృందం ఆడిన నాటకంలో, డ్యూటీ దిగి వచ్చిన మొగుడు కాళ్లు చాపుకుని, జ్వరంతో పడుకున్న పెళ్లాన్ని చాయ్ పెట్టమని కేకలేస్తాడు. అక్కడ ఆట ఆపేసి, "మీరైతే ఏం చేస్తరో వచ్చి చూపియ్యుండ్రి" అని జనాన్ని పిలుస్తారు. గని కార్మికుడు రాయమల్లు మీసం దువ్వుకుంటూ లేచాడు. లేని పొయ్యి వెలిగించి, లేని చాయ్ కాచి, పెళ్లాం వేషంలో ఉన్న అమ్మాయికి అందించాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లతోనే అతని పేరు 'మారినవారి' జాబితాకెక్కింది.

అప్పటినుంచి పద్మలత వెళ్లిన ప్రతిసారీ రాయమల్లే చాయ్ పెడుతున్నాడు. మొదటి నెల చక్కెర కోసం నాలుగు డబ్బాలు తెరిచాడు. ఐదో నెల కూడా నాలుగు తెరిచాడు. చక్కెర డబ్బా ఏదో చూపించకుండా, పద్మలత గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

ఆరో నెల, చివరి తనిఖీనాడు, అతని భార్య ఐలవ్వ గుమ్మం దగ్గరే చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మారలేదని రాయి. నీ కాళ్లు మొక్కుత."

"అదేంది ఐలవ్వా?"

"మారిండని రాస్తే నువ్వు మళ్ల రావు గదా. నువ్వొచ్చిన్నాడే నాకు గా చాయ్. గదన్న ఉండనియ్యి."

లేదని రాస్తే ఇంకో ఆరు నెలలు రావచ్చు, నిజమే. కానీ లోపల రాయమల్లు ఇస్త్రీ అంగీ వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

"మేడం, పాసైనట్టే గదా? మా షిఫ్టోళ్లందరికీ చెప్పిన" అంటూ పాలగిన్నె పొయ్యిమీద పెట్టాడు.

"ఇగ ఇదే ఆఖరు రాక అన్నా" అని పద్మలత నోరు జారింది.

"ఆఖరా?" రాయమల్లు వచ్చి కుర్చీలో చేరగిలబడ్డాడు.

ఐలవ్వ పొయ్యి దగ్గరికి పోలేదు. గోడకు ఆనుకుని మొగుడినే చూస్తోంది. పాలు పొంగసాగాయి. అంచుదాకా వచ్చాయి. రాయమల్లు కుర్చీ కిర్రుమంది. లేవబోయాడో, సర్దుకున్నాడో ఎవరికీ తెలియదు. అంతలోనే ఒక మనిషి దూకి పొయ్యి కట్టేసింది.

పద్మలత.

"అయ్యో అక్కా! జరంత ఆగకపోతివి!"

"నేను లేస్తనే ఉంటి గదా!" అన్నాడు రాయమల్లు.

"ఏడ లేస్తివి? కాళ్లు జాపి కూసున్నవ్."

"కుర్చీ సప్పుడు ఇనవడలేదా? మేడం, మీరు జెప్పుండ్రి!"

ఆరు నెలల పరిశీలనలో చూడవలసిన ఆ ఒక్క క్షణంలోనే పద్మలత పొయ్యివైపు తిరిగి ఉంది. ఫోన్ తీసింది. 'మార్పు నిలిచిందా? అవును, లేదు.' ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు పోదు, వెనక్కీ పోదు. 'లేదు' నొక్కింది. ఫోన్ కారణం అడిగింది. 'తనిఖీకి వచ్చిన మనిషే లేచి పొయ్యి కట్టేసింది. మళ్లీ చూడాలి' అని రాసి, అది తన ఆఫీసరు చదువుతాడని గుర్తొచ్చేలోపే పంపేసింది.

"మళ్లొస్తనే అన్నా, ఇంకో ఆరు నెలలు" అంది.

ఐలవ్వ నవ్వు కనబడకుండా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాయమల్లు మొహం చిన్నబోయింది. "అంటే పాస్ గాలే?"

"నేను గాలే."

పాలు గిన్నెలో చల్లారుతున్నాయి. ఇప్పుడు ఎవరు లేవాలో ముగ్గురికీ తెలుసు. పద్మలత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, గట్టిగా కూర్చుంది.