మూడు చక్రాల సిగ్గు

ఇవాళ పొద్దున పెట్రోలు బంకులో నా ముందున్న వాళ్లందరినీ బండి దిగమని గదమాయించిన అమ్మాయి, నా వంతు వచ్చేసరికి గొంతు మెత్తగా చేసి, "తాతా, నువ్వు దిగకు, గట్లనే కూసో" అంది. మర్యాదకే అన్నది పాపం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పైగా నా బండికి పెట్రోలు మూత వెనక ఉంటుంది కనుక దిగాల్సిన పని కూడా లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి, వెనక వరసలో ఉన్నవాళ్లంతా నా బండి చక్రాలు లెక్కపెడుతున్నారనిపించి తలెత్తకుండా బయటపడ్డాను. రెండు చక్రాల బండి నుంచి మూడు చక్రాల బండికి మారి ఏండ్లు గడిచినా ఈ సిగ్గు మాత్రం పాతబడటం లేదు. ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే అదంతా వరసగా గుర్తుకొచ్చింది, నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు గదా అని మొదలుపెట్టాను.

మన కాలంలో మోటార్ సైకిలంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పినా ఎక్కదు. వాడకొకటి ఉంటే గొప్ప. నేను జహీరాబాద్ పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసేవాణ్ని, రాయికోడ్ దిక్కు, మొగుడంపల్లి దిక్కు ఊళ్లన్నీ నా బండి తిరిగినవే. వానకు నల్లరేగడి తడిస్తే ఎడ్లబండి కూడా దిగబడేది, అలాంటి చోట నేను పొలం గట్టు పట్టుకుని రెండు చక్రాల మీద దాటిపోయేవాణ్ని. బండి చప్పుడు వినగానే రైతులు గొడ్లను కట్టేసి సిద్ధంగా ఉంచేవారు, మందుపెట్టె కనబడకముందే పెయ్యలు తోక లేపి పరుగెత్తేవి, సూదికి ముందు వచ్చే చప్పుడు అదేనని వాటికీ తెలుసు. నా అసలు పేరు చాలామందికి తెలియదు, మోటార్ సైకిల్ సారంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. ఒక్క కిక్కుకే బండి స్టార్టు కావాలి, అదొక పంతం నాకు, రెండో కిక్కు కొట్టాల్సి వస్తే ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూసుకునేవాణ్ని. అంత పిచ్చి.

మా ఇంటామెకు ఒక అక్క ఉంది, మొగుడంపల్లి దాటినాక లోపలికున్న ఊళ్లో ఇచ్చారు. భర్త పోయాక ఆమెకు పక్షవాతం వచ్చి మంచానపడింది. కోడలు మంచిదే కానీ పొద్దున లేస్తే కూలికి పోవాలె, అత్తకు ఇంత గంజి పోసి పోయేది. తలస్నానం మాత్రం చెల్లెలే పోయాలని ఆమె పట్టు, తన జుట్టు మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అందుకని ప్రతి ఆదివారం మా ఇంటామెను వెనక ఎక్కించుకుని తీసుకుపోవడం నా పని. ఆమె అక్కకు నీళ్లు పోసి, తల దువ్వి, జడవేసి, కడుపునిండా తినిపించేలోపల నేను ఊళ్లో గొడ్లను చూసి వచ్చేవాణ్ని. ఉద్యోగం అయిపోయినా ఈ ఆదివారం డ్యూటీకి మాత్రం రిటైర్మెంటు లేదనుకునేవాణ్ని.

షుగరు సంగతి మీలో సగం మందికి నేను చెప్పాల్సిన పని లేదు. అది నా ఎడమ కాలిని మెల్లగా తినేసింది, నొప్పి ఉంటే తెలిసేది, నొప్పే లేదు. చెప్పు ఊడిపోయినా తెలియకుండా ఇల్లు చేరేవాణ్ని, వెనక్కి పోయి వెతికి తెచ్చుకునేవాణ్ని. ఒక ఆదివారం బొంబాయి రోడ్డు దాటడానికి చెరకు ట్రాక్టర్ల వెనక ఆగాను. ఎప్పట్లాగే ఎడమ కాలు కింద పెట్టాననుకున్నాను. అది నేల మీద ఆనిందో లేదో కాలికి తెలియలేదు, నాకూ తెలియలేదు. నిలబడ్డ బండి నిలబడ్డట్టే మెల్లగా ఒరిగి, ఇద్దరినీ రోడ్డు మీద పడేసింది. వేగంగా పోయి పడితే ఒక తీరు, దెబ్బలు చూపించుకోవచ్చు. ఆగిన బండి మీది నుంచి పడ్డవాడు ఏం చెప్పుకుంటాడు? చెరకు ట్రాక్టర్ల డ్రైవర్లు దిగివచ్చి ఒకరు నన్ను, ఇద్దరు బండిని లేపారు. ఇంత వయసొచ్చినంక ఎందుకయ్యా బండి అని ఎవరో అన్నారు. మా ఇంటామె మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది, అయినా ఆమె వాళ్లందరికీ రోడ్డు మీద గుంత ఉంది, ఆయన తప్పేం లేదని చెప్తూనే ఉంది. అక్కడ గుంత లేదు. నా ఇజ్జత్ కాపాడ్డానికి ఆమె చెప్పిన ఆ అబద్ధం వింటుంటే, దెబ్బకంటే అదే ఎక్కువ మండింది.

తర్వాత బండి వాకిట్లోనే ఉండిపోయింది. మా ఇంటామె షేరింగ్ ఆటోల్లో పోవడం మొదలుపెట్టింది. ఆ ఆటోలు జనం నిండితే గానీ కదలవు, నిండినాక ఆగవు, ఈమెకు జనం నడుమ ఇరుకులో సగం సీటు, బయట ఏమీ కనబడదు. అది కూడా మొగుడంపల్లి దాకే, అక్కణ్నుంచి ఎండలో నడక. ఒక వారం పోయి ఒక వారం మానేసింది, తర్వాత మానేసిన వారాలే ఎక్కువయ్యాయి. అక్క తల అట్టలు కట్టిందట అని ఒకనాడు అన్నం పెడుతూ అన్నది. నేను పళ్లెంలోనే చెయ్యి కడిగేశాను.

మా బామ్మర్ది ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. గేర్లు లేని స్కూటీ కొని వెనక చక్రం తీసేసి, దాని జాగాలో రెండు చక్రాలు బిగించే షెడ్డు తనకు తెలుసని, కాలు కింద పెట్టే ఫికరే ఉండదని వాడే ముందు ఆ మాట ఎత్తాడు. నేను చెప్పరానంత కోపం తెచ్చుకున్నాను. నన్ను అందరిలో కుంటోణ్ని చేద్దామనుకున్నవా అని అరిచాను. బామ్మర్ది నవ్వి, "బావా, కాలు కుంటి అయితే బండి జేయించుకోవచ్చు. నువ్వు ఇంట్ల కూసొని మా అక్కను సుత కూసోబెట్టినవ్" అన్నాడు. వాడికి మోటార్ సైకిల్ నేర్పినవాణ్ని నేను, ఇప్పుడు వాడు నాకు బుద్ధి చెప్పేవాడయ్యాడు అనుకున్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే సరేనన్నాను. మోటార్ సైకిల్‌ను రాయికోడ్ దిక్కు అల్లం వేసే రైతొకాయన వచ్చి కొనుక్కుపోయాడు, ఆయన కిక్కు కొట్టే చప్పుడు వినబడకుండా నేను లోపలికి పోయి రేడియో పెట్టుకున్నాను.

కొత్త బండి వచ్చింది. ముందు నుంచి చూస్తే ఆడపిల్లలు నడిపే స్కూటీలాగే ఉంటుంది, వెనక నుంచి చూస్తే ఐస్‌క్రీం బండి. బండ్లు ఓడలవుతాయంటారు, నా బండి తోపుడు బండయింది. తెల్లవారుజామున ఖాళీ మైదానానికి తీసుకుపోయి బామ్మర్ది నేర్పాడు. ఇందులో నేర్చుకునేదేముంది, మూడు చక్రాల సైకిలు చిన్నపిల్లలు తొక్కరా అనుకుని ఎక్కాను. అక్కడే తప్పయింది. రెండు చక్రాల మీద బతికినవాడు మలుపు వస్తే ఒక పక్కకు ఒరుగుతాడు, బండి దానంతటదే తిరుగుతుంది, మనం తిప్పామన్న సంగతి కూడా గుర్తుండదు. మూడు చక్రాల బండి నువ్వు ఎంత ఒరిగినా వినదు. నేను కుడికి ఒరిగి కూర్చున్నాను, అది తిన్నగా పోయి ముళ్లకంపలో దూరింది. ఒరుగుడు కాదు బావా, హ్యాండిలు తిప్పు, తిప్పు అని బామ్మర్ది వెంట ఉరుకుతున్నాడు. దానికి వెనక్కి పోయే గేరు లేదు, కంపలోంచి వాడే గుంజి తీశాడు. ముందు చక్రం గుంత తప్పిస్తే వెనక చక్రాల్లో ఒకటి అదే గుంతలో పడేది, సందుల్లోంచి దూరిపోయిన దొరతనమంతా ఆ వారం రోజుల్లో దిగిపోయింది.

అసలు సిగ్గు బజార్లో అయింది. కూరగాయల అంగడి ముందు బండి ఆపుతూ, ఏండ్ల అలవాటు కదా, ఎడమ కాలు కింద పెట్టాను. పెట్టాల్సిన పనే లేదు, మూడు చక్రాలున్నాయి, కానీ కాలు నన్ను అడిగి దిగిందా? బండి ఇంకా కదులుతూనే ఉంది, వెనక చక్రం వచ్చి నా పాదం మీదే ఎక్కి ఆగింది. నాకు తెలియదు. నేను నిమ్మళంగా టమాటల ధర అడుగుతున్నాను. చుట్టూ జనం "కాకా, కాలు! కాలు!" అని మొత్తుకుంటుంటే, అయ్యో ఎవరి కాలో పాపమని నేను కూడా తొంగి చూశాను. నాదే. నా బండి కింద నా కాలే. కూరలమ్మే ఆమె ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆగలేక నవ్వేసింది, ఆమె నవ్వితే అందరూ నవ్వారు. దవాఖానలో గోరు తీసి కట్టు కడుతూ, ఎవరి బండి గుద్దింది పెద్దాయనా అని డాక్టరు అడిగాడు. నాదేనని చెప్పలేక నేను కట్టు దిక్కు చూశాను, మా ఇంటామె ఈసారి ఏ అబద్ధమూ దొరక్క గోడ దిక్కు చూసింది.

ఆ తర్వాత బండి మీద తాటిపత్రి కప్పేశాను. బయటికి పోవాల్సి వస్తే వాడ లేవకముందే పోయేవాణ్ని, చాయ్ హోటలుకు దూరంగా ఎక్కడో బండి పెట్టి కుంటుకుంటూ నడిచిపోయేవాణ్ని. నడవలేకనే గదా బండి, ఆ బండి కనబడకూడదని మళ్లీ నడక. పాత టైర్ల దుకాణం నడిపే దోస్తు ఒకాయన ఉన్నాడు, నలభై ఏండ్ల స్నేహం, ఆయనే ఒకనాడు పట్టేశాడు. "అరె భాయ్, నాకు ఇంకొక టైరు బేరం తెచ్చినవ్, దాన్ని దాచుకుంటున్నవెందుకు?" అని అందరి ముందు భుజం చరిచాడు. నేనూ నవ్వాను, ఆ వారమంతా హోటలుకు పోలేదు.

ఒక ఆదివారం పొద్దు బాగా ఎక్కినాక వాకిట్లో చప్పుడైతే బయటికొచ్చాను. మా ఇంటామె తాటిపత్రి గుంజి మడతపెడుతోంది. చేతిలో సంచి, సంచిలో కుంకుడుకాయలు, కొబ్బరినూనె, అక్కకు కొత్త దువ్వెన. "మా అక్క తలల పుండ్లయినయంట. నువ్వు తోలుతవా, నేను ఆటోల పోవాల్నా? ఒక్కటే ముచ్చట చెప్పు" అన్నది. రేపు తెల్లవారుజామున పోదామన్నాను. "నీ సిగ్గు నీకు రేపటిదాక ఆగుతది, అక్క పుండ్లు ఆగవు" అన్నది. నా పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె నాతో అంత కటువుగా మాట్లాడింది అదొక్కసారే.

అట్లా పట్టపగలు, సరిగ్గా బజారు నిండి ఉన్న వేళ, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని జహీరాబాద్ నడిమధ్యలోంచి పోయాను. చూసినవాళ్లు చూశారు. ఒక లారీ డ్రైవరు హారన్ కొట్టి నవ్వుతూ పోయాడు. నా మెడ చెమటతో తడిసిపోయింది, ఎవరి మొహమూ చూడకుండా ముందు చక్రాన్నే చూస్తూ తోలాను. ఊరు దాటి మొగుడంపల్లి తోవ పట్టాక ఊపిరి తీసుకున్నాను. కొంతదూరం పోయాక వెనక నుంచి ఆమె, ఈ ఎర్రగుట్ట ఎప్పుడొచ్చింది ఇక్కడ అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. గుట్టల్ని ఎవరన్నా లారీలో తెచ్చి పోస్తారా, అది మా తాతల కాలం నుంచి అక్కడే ఉంది, ఎన్ని వందల సార్లు దీని ముందు నుంచి పోలేదు మనం అన్నాను. ఆమె ఆ గుట్ట వెనకబడేదాకా తల తిప్పి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నేనెప్పుడు జూసిన? నీ బండెక్కితే నేను కండ్లు మూసుకునేదాన్ని. నువ్వు ఊరొచ్చింది దిగు అంటెనే తెరిచేదాన్ని."

బండి ఆపాను. మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎట్ల చెప్పాలె, బండి మీద కూసుంటే నీ మొహం అంత ఖుషీగా ఉండేది, చెప్తే చిన్నబోతవనుకున్న అన్నది. ఇప్పుడు భయం లేదా అంటే, లేదు, ఇది పడదు గదా అని చెరకు తోటల దిక్కు చూడసాగింది.

పెట్రోలు బంకు సిగ్గు, బజారు సిగ్గు, దోస్తుల ముందటి సిగ్గు అన్నీ ఒక ఎత్తు, ఆ తోవ మీద నాకు కలిగింది ఒక ఎత్తు. చెరకు ట్రాక్టర్లను దాటేసి, గుంతల మధ్యలోంచి పాములా తిప్పి, చూశావా నా పనితనం అన్నట్టు నేను మురిసిపోయిన ఆదివారాలన్నీ ఆమె నా వెనక కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటూ గడిపింది. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే తెలిసేది. ఆ రోజు మా ఇంటామె అక్క తలకు పోసి, పుండ్లకు మందు రాసి, జడవేసేదాకా నేను ఊళ్లోకి పోలేదు, అక్కడే అరుగు మీద కూర్చుని చెల్లెలు అక్క తల దువ్వుతుంటే చూశాను.

ఆ అక్క తర్వాత పోయింది. మేం మాత్రం అప్పుడప్పుడు ఆ దిక్కు పోతూనే ఉంటాం. ఇప్పుడు మెల్లగా తోలతాను, వెనక నుంచి ఆమె అదేంది, ఇదేంది అని అడుగుతుంది, చిన్నపిల్ల అడిగినట్టు. ఇక్కడ సీతాఫలం పొదలుండేవి, కాపు మీద ఉంటే బండి ఆపకుండానే వాసన వచ్చేదని చెప్తాను. ఇక్కడ ఎండాకాలం మోదుగులు పూస్తే దారంతా ఎర్రగా ఉండేదని, ఈ వాగులో దూడలు కడిగేవారని, అల్లం తవ్విన రోజుల్లో ఈ మలుపు దగ్గర ఘాటుకు తుమ్ములు వచ్చేవని చెప్తాను. ఆమె ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంది. అక్కడ ప్లాట్ల రాళ్లు, రంగు జెండాలు, తారురోడ్డు. అవన్నీ ఉన్నప్పుడు ఆమె నా వెనకే ఉంది, కళ్లు మూసుకుని. ఇప్పుడు ఆమె కళ్లు తెరిచి చూస్తోంది, చూపిద్దామంటే నా దగ్గర మాటలే ఉన్నాయి.